వంటింటి గట్టు ముందు మూడు కుషన్ స్టూళ్లు: పద్నాలుగు నెలల వాడకం తరువాత

న్యూజెర్సీలో ఎడిసన్ దగ్గర మేము ఉంటున్న ఇంటి వంటగది మధ్యలో ఒక ఐలాండ్ గట్టు ఉంది. ఇల్లు చూడటానికి వచ్చిన రోజున దాన్ని కూరలు తరుగుకునే చోటుగా మాత్రమే అనుకున్నాను. ఇప్పుడు మా ఇంట్లో అందరూ ఎక్కువసేపు కూర్చునేది అక్కడే. పొద్దుటి కాఫీలు, సాయంత్రం పిల్లవాడి హోంవర్కు, మా అమ్మానాన్నలు వచ్చి ఉన్న ఆరు నెలలూ చిక్కుడుకాయల ఈనెలు తీయడం మొదలుకొని ఊళ్లో వాళ్లతో వీడియో కాల్ మాట్లాడటం వరకు అన్నీ ఆ గట్టు ముందే జరిగాయి. దాని కోసం స్కాండినేవియన్ శైలి పేరుతో అమ్మే కుషన్ స్టూళ్లు మూడు తెప్పించుకున్నాము. యాష్ చెక్కతో చేసిన సన్నని కాళ్లు, నడుము దాకా వచ్చే గుండ్రని వీపు, మీగడ రంగులో బూక్లే అనే ఉంగరాల నేత గుడ్డ. ఒక్కొక్కటి 210 డాలర్లు. పద్నాలుగు నెలలు రోజూ వాడిన తరువాత నా అభిప్రాయం ఇది: ఎత్తు సరిగ్గా కుదిరి, పాదాలు ఆన్చుకునే కమ్మీ సరైన చోట ఉంటే ఇలాంటి స్టూలు మీద గంటసేపు కూడా హాయిగా కూర్చోవచ్చు. అయితే ఈ స్టూళ్లను ఎక్కువగా అమ్మే లేత రంగు గుడ్డ మాత్రం పసుపు, నూనె వాడే వంటింటికి పనికిరాదు.

మొదట ఎత్తు సంగతి చెప్పాలి, ఎందుకంటే మేము మొదట పొరపాటు చేసింది అక్కడే. అమెరికా ఇళ్లలో వంటగది గట్టు సాధారణంగా 36 అంగుళాల ఎత్తు ఉంటుంది. బార్ గట్టు 42 అంగుళాలు. మొదటి దానికి 24 నుంచి 27 అంగుళాల ఎత్తున్న కౌంటర్ స్టూలు, రెండో దానికి 30 అంగుళాలకు అటూ ఇటూ ఉండే బార్ స్టూలు కావాలి. అమ్మే చోట ఈ రెంటినీ చాలాసార్లు బార్ స్టూలు అనే ఒకే పేరు కింద పెడతారు, బొమ్మలో రెండూ ఒకలాగే కనిపిస్తాయి, ఎత్తు మాత్రం కింద ఎక్కడో చిన్న అక్షరాలలో ఉంటుంది. ఒక ఆన్‌లైన్ సంస్థ నుంచి మేము మొదట తెప్పించుకున్నవి 30 అంగుళాలవి. కూర్చోగానే నా తొడలు గట్టు రాతి కింది అంచుకు ఒరుసుకున్నాయి, కాలు మీద కాలు వేసుకోవడం మాట అటుంచి, కాలు కదిలించే చోటు కూడా లేకపోయింది. వాటిని మళ్లీ పెట్టెల్లో సర్ది వెనక్కి పంపడానికి అయిన రవాణా ఖర్చు మేమే భరించాము.

కూర్చునే చోటికీ గట్టు పైభాగానికీ మధ్య 10 నుంచి 12 అంగుళాలు ఉండాలి. టేపు దగ్గర లేకపోతే, జానెడు మీద రెండు వేళ్లు అనుకుంటే దాదాపు సరిపోతుంది. రాయి కింద చెక్క పట్టీ ఉన్న గట్లయితే ఆ పట్టీ కింది అంచు వరకు కూడా విడిగా కొలవాలి, తొడలు తగిలేది దానికే కాబట్టి. ఇంకొక విషయం కూడా ఉంది. కుషన్ స్టూలుకు రాసి ఉండే ఎత్తు మనిషి కూర్చోకముందు కొలిచినది. మా స్టూలు 26 అంగుళాలని రాసి ఉన్నా, నేను కూర్చున్నాక ఫోమ్ అణిగి 25 అవుతుంది. చెక్క స్టూలుకు అలవాటు పడినవారు కుషన్ స్టూలు ఎంచుకునేటప్పుడు ఈ అంగుళాన్ని లెక్కలో వేసుకోవాలి.

ఐరోపా సంస్థలు ఎక్కువగా 65, 75 సెంటీమీటర్ల ఎత్తులలో వీటిని చేస్తాయి. 90 సెంటీమీటర్ల గట్టుకు 65 సెంటీమీటర్ల స్టూలు చక్కగా కుదురుతుంది. మన ఊళ్లలో కొత్త అపార్ట్‌మెంట్లలో వంటగదిని హాలులోకి తెరిచి కట్టి గట్టు ముందు స్టూళ్లు వేసుకునేవారు మాత్రం జాగ్రత్త పడాలి. మన దగ్గర గ్రానైట్ గట్టును ఇంట్లో వంట చేసేవారి ఎత్తును బట్టి 32 నుంచి 34 అంగుళాల మధ్య వేయించుకోవడం మామూలు. 33 అంగుళాల గట్టు ముందు 65 సెంటీమీటర్ల స్టూలు వేస్తే మిగిలేది ఏడున్నర అంగుళాలే, అందులో రాతి మందం పోను తొడలకు చోటు ఉండదు. కూర్చుని తినే గట్టును విడిగా ఎత్తు పెంచి కట్టించుకోవడం ఒక దారి. చెక్క కాళ్ల స్టూలు అయితే వడ్రంగి చేత అడుగున రెండు అంగుళాలు కోయించడం ఇంకొక దారి. కాళ్లు బయటికి వాలి ఉంటాయి కాబట్టి ఆ వాలుకు తగ్గట్టు ఏటవాలుగా కోయాలి, కాలికి సరిగ్గా అడ్డంగా కోస్తే కాలు అంచు మీద నిలబడుతుంది. కింద నుంచి కోస్తే కూర్చునే చోటికీ కమ్మీకీ మధ్య దూరం మారదు కనుక సౌకర్యం చెడదు. హైదరాబాద్‌లో హైటెక్ సిటీ దగ్గర 2018 ఆగస్టు 9న ఐకియా దుకాణం తెరిచాక ఈ తరహా సామాను మీద కూర్చుని చూసే అవకాశం మనవాళ్లకు వచ్చింది. వెళ్లేటప్పుడు సొంత గట్టు కొలత కాగితం మీద రాసుకుని, టేపు వెంట పెట్టుకుని వెళ్లమని మా చెల్లెలికి కూడా చెప్పాను.

డెన్మార్క్, నార్వే, స్వీడన్ దేశాలను కలిపి చెప్పే స్కాండినేవియన్ అనే పేరు గురించి కొంత చెప్పుకోవాలి. ఆ మాట ఒక శైలిని చెబుతుందే తప్ప వస్తువు ఎక్కడ తయారైందో చెప్పదు. మా స్టూళ్ల అడుగున వియత్నాంలో తయారైనట్టు చీటీ అంటించి ఉంది, అందులో తప్పేమీ లేదు. ఈ శైలికి పాత ఉదాహరణలలో ఒకటి వాస్తుశిల్పి అల్వార్ ఆల్టో 1933లో చేసిన స్టూల్ 60. బర్చ్ చెక్క కాలి పైకొసను నిలువుగా సన్నని చీలికలుగా కోసి, వాటి మధ్య పలుచని చెక్క పొరలు జిగురుతో దూర్చి, లంబకోణంలో వంచి, ఆ వంపునే నేరుగా పీట అడుగున బిగించాడు. అదే కాలితో 1935లో బార్ ఎత్తు స్టూలు వచ్చింది. ఆల్టోది ఫిన్లాండ్, నిక్కచ్చిగా మాట్లాడేవారు ఆ దేశాన్ని స్కాండినేవియాలో కలపరు, నార్డిక్ దేశం అంటారు. అయినా అలంకారం మానేసి, అతుకు ఎలా పడిందో దాచకుండా, ఉన్న చెక్కనే అందంగా చూపించే పద్ధతి ఇటువంటి వస్తువుల ద్వారానే లోకానికి పరిచయమైంది. ఇప్పుడు మనం చూసే కుషన్ స్టూళ్ల రూపానికి దగ్గరి చుట్టాలు డెన్మార్క్‌లో ఉన్నాయి. హేయ్ సంస్థకు హీ వెల్లింగ్ చేసిన అబౌట్ ఎ స్టూల్ వరుస, నార్మన్ కోపెన్‌హేగన్‌కు సైమన్ లెగాల్డ్ చేసిన ఫామ్ వరుస అలాంటివే. రెంటిలోనూ చిప్పలాగా ఒకే ముక్కగా ఉండే కూర్చునే భాగం, దాని కింద నాలుగు కాళ్లు, కావాలంటే ఆ చిప్ప మీద గుడ్డ తొడుగు. బొత్తాలు ఉండవు, కుచ్చులు ఉండవు, గుడ్డ ముడతలు లేకుండా బిగువుగా ఉంటుంది, కుట్టు సరిగ్గా అంచు వెంట నడుస్తుంది.

మా స్టూలులో ఆ గుణాలు చాలావరకు ఉన్నాయి. చిప్ప ప్లైవుడ్‌ది. వీపు నడుముకు ఆనేంత ఎత్తులోనే ఆగిపోతుంది కాబట్టి గట్టు కిందికి తోసినప్పుడు వంటగది ఖాళీగా కనిపిస్తుంది, వెనక నుంచి నడిచేవారికి అడ్డు రాదు. వంపు తిరిగిన చోట గుడ్డను ఎక్కడా కుచ్చు పడకుండా లాగి కుట్టారు. ముందు అంచును గుండ్రంగా కిందికి దింపారు, దాని వల్ల తొడ కింద ఒత్తిడి పడదు. ఫోమ్ సంగతి ఆరు నెలల తరువాతే తెలుస్తుంది. బొటనవేలితో గట్టిగా నొక్కి వదిలితే వెంటనే పైకి లేవాలి. మావి ఈ రోజుకీ లేస్తున్నాయి. నేను రోజూ కూర్చునే దానిలో మాత్రం మధ్యలో కొద్దిగా పల్లం పడింది. మెత్తగా ఉంటే సుఖం అనుకోవడం స్టూళ్ల విషయంలో సరి కాదు. మరీ మెత్తని ఫోమ్‌లో తుంటి ఎముకలు దిగిపోయి అడుగున ప్లైవుడ్ తగులుతుంది. ఎత్తైన ఆసనం మీద మనిషి తరచూ అటూ ఇటూ కదులుతుంటాడు కాబట్టి కింద గట్టిదనం కావాలి.

కమ్మీ విషయం నాకు మా నాన్నగారి వల్ల తెలిసింది. ఆయనకు మోకాళ్ల నొప్పులు. వచ్చిన మొదటి రోజున స్టూలు ఎక్కి కూర్చుని, పాదాలు కమ్మీ మీద పెట్టుకుని, "అమ్మాయ్, కుర్చీకి నేల ఎంతో దీనికి ఈ కమ్మీ అంత" అన్నారు. ఆ మాట కొలతకు కూడా నిలుస్తుంది. మామూలు కుర్చీ ఎత్తు 17, 18 అంగుళాలు. మంచి స్టూలులో కూర్చునే చోటికీ కమ్మీకీ మధ్య దూరం కూడా దాదాపు అంతే ఉంటుంది. మా స్టూలులో అది 17 అంగుళాలు. నాన్నగారికి, నాకు అది సరిగ్గా సరిపోయింది. మా అమ్మ ఎత్తు ఐదడుగులు దాటదు, ఆమెకు కాలి వేళ్లు మాత్రమే కమ్మీని అందుకునేవి. మడమలు వేలాడుతూ ఉంటే శరీరం బరువంతా తొడ ముందు భాగం మీద పడుతుంది. అరగంట కూరగాయలు తరిగి లేచేసరికి అమ్మ కాళ్లు తిమ్మిరెక్కేవి. ఆమె ఈ మాట మాకు చెప్పలేదు. దిగేటప్పుడు గట్టు పట్టుకుని కాసేపు నిలబడి ఉండటం చూసి నాన్నగారే గమనించారు. పాత తువ్వాలును నాలుగు మడతలు వేసి, ఆమె స్టూలు ముందు కమ్మీకి దగ్గరగా చుట్టి, పురికొసతో ప్రతి రెండు అంగుళాలకు ఒక ముడి చొప్పున బిగించి కట్టారు. అంగుళంన్నర పెరిగింది, అమ్మ పాదం పూర్తిగా ఆనింది. వాళ్లు వెళ్లి నాలుగు నెలలైనా ఆ కట్టు నేను విప్పలేదు.

ఆ తువ్వాలు వల్ల ఇంకొక మేలు కూడా జరిగింది. మిగిలిన రెండు స్టూళ్ల ముందు కమ్మీల మీద చెప్పులు, బూట్లు రాసుకుని వార్నిష్ పూర్తిగా పోయింది. రెండు పాదాలు పడే చోట్ల కోలగా చెక్క బయటపడి, అక్కడ మురికి పట్టి నల్లబడింది. తువ్వాలు చుట్టిన స్టూలు కమ్మీ కొత్తదానిలా ఉంది. ఈ ధరలో అమ్మే స్టూళ్లలో కూడా కమ్మీ పైన స్టీలు లేదా ఇత్తడి రేకు తొడిగినవి దొరుకుతాయి. మళ్లీ కొంటే నేను అవే తీసుకుంటాను. స్టూలులో అన్నిటికంటే ఎక్కువ అరిగేది ఆ నాలుగు అంగుళాల చెక్కే, అక్కడ రేకు లేకుండా అమ్మడం తయారీదారు చేసిన లోపమని నేను గట్టిగా చెబుతాను.

ఇక గుడ్డ. బూక్లే అంటే నూలు పోగులు ఉంగరాలు ఉంగరాలుగా పైకి తేలి ఉండే నేత. చేతికి గొర్రెపిల్ల వీపులా ఉంటుంది, ఫొటోలో చాలా అందంగా కనిపిస్తుంది. అందుకే దాన్ని ఎంచుకున్నాను. అమ్మ వచ్చిన మొదటి నెలలోనే ఆమె గాజులకు చిక్కుకుని రెండు పోగులు బయటికి వచ్చాయి. ఒకరోజు పులిహోర కలుపుతుండగా గరిటె నుంచి పోపు నూనె ఒక చెంచాడు కుషన్ మీద పడింది. పసుపులో రంగునిచ్చే పదార్థం నీటిలో కరగదు, నూనెలో కరుగుతుంది. అందుకే పసుపు కలిసిన నూనె గుడ్డలోకి అంత త్వరగా దిగిపోతుంది. నేను కంగారుగా బట్టల సబ్బు నీళ్లతో తుడిచాను. పసుపు మరక నా కళ్ల ముందే ఇటుక ఎరుపుకు తిరిగింది. అమ్మ పక్కనే నిలబడి, "పసుపుకు సున్నం తగిలితే పారాణి అవుతుంది కదమ్మా, సబ్బు కూడా అంతే" అని చెప్పి, చెంచాడు వెనిగర్‌ను గిన్నెడు నీళ్లలో కలిపి అద్దించింది. ఎరుపు పోయి మళ్లీ పసుపు వచ్చింది. తరువాత ఆ స్టూలును దక్షిణం కిటికీ దగ్గర ఎండ పడేచోట నాలుగు రోజులు ఉంచాము. పసుపు రంగు వెలుతురుకు నిలవదు కాబట్టి మరక చాలావరకు వెలిసిపోయింది, నూనె చార మాత్రం మిగిలింది.

అసలు నేను చేయకూడని పని నీళ్లతో తుడవడం. స్టూలు అడుగున చీటీ మీద ఎస్ అనే అక్షరం ఉంది. అమెరికాలో అమ్మే కుషన్ సామాను మీద ఇటువంటి గుర్తు తరచుగా ఉంటుంది: డబ్ల్యూ అంటే నీటితో శుభ్రం చేయవచ్చు, ఎస్ అంటే నీరు తగలకుండా ద్రావకంతో మాత్రమే, డబ్ల్యూఎస్ అంటే రెండూ సరే, ఎక్స్ అంటే వ్యాక్యూమ్ చేయడం తప్ప ఇంకేమీ చేయకూడదు. నీళ్లు తగిలిన చోట బూక్లే ఉంగరాలు ఉండకట్టి గట్టిపడ్డాయి, ఎన్నిసార్లు దువ్వినా మునుపటిలా లేవలేదు. కొనేటప్పుడే ఈ అక్షరం ఏమిటో అడిగి తెలుసుకోవాలి. వంటింటికి ఎస్ గానీ ఎక్స్ గానీ అసలు వద్దు.

చివరికి రెండు స్టూళ్లకు గుడ్డ మార్పించాము. దగ్గరలో కుర్చీలకు గుడ్డ వేసే ఒక పనివాడు పాత గుడ్డ విప్పి, దాన్నే కొలతగా పెట్టుకుని కొత్తది కత్తిరించాడు. అడుగున పిన్నులు పీకుతున్నప్పుడు చూస్తే ప్లైవుడ్ చిప్ప మీద ఫోమ్‌ను పూర్తిగా అంటించి ఉంది, ఫోమ్ మీద పలుచని దూది పొర కూడా ఉంది, అంటే లోపలి పని నిజాయితీగానే చేశారు. ఈసారి ఉన్ని, విస్కోస్ కలిపిన దగ్గర నేత గుడ్డ ఎంచుకున్నాను. డెన్మార్క్‌కు చెందిన క్వాడ్రాట్ సంస్థ ఈ కలగలుపుతోనే దశాబ్దాలుగా ఒక గుడ్డ అమ్ముతోంది, దాని పేరు హాలింగ్‌డాల్ 65. నానా డిట్జెల్ 1965లో రూపొందించినది, 70 శాతం ఉన్ని, 30 శాతం విస్కోస్. ఉన్నికి సహజంగా ఉండే జిడ్డుగుణం వల్ల ఒలికిన ద్రవం కాసేపు పైనే ముత్యంలా నిలుస్తుంది, ఆ లోపల అద్ది తీసేయవచ్చు. గుడ్డ ఎంత రాపిడికి తట్టుకుంటుందో చూసే మార్టిండేల్ పరీక్షలో అది లక్ష రాపిళ్లకు నిలుస్తుంది. అమెరికా గుడ్డల మీద కనిపించేది సాధారణంగా వైజెన్‌బీక్ పరీక్ష అంకె. అది ముందుకీ వెనక్కీ రాసే పరీక్ష, మార్టిండేల్ సుడులు తిప్పుతూ రాసేది. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. నేను కొన్నది ఇంతకంటే చవకైన గుడ్డే, కానీ నేత అటువంటిదే. రంగు పసుపు, గోధుమ కలగలిసిన ముదురు రంగు. పనివాడి కూలీ, గుడ్డ కలిపి ఒక్కో స్టూలుకు 95 డాలర్లు అయింది. ఆ డబ్బు మొదటే పెట్టి ఉంటే స్టూలే ఇంకొక మెట్టు మంచిది వచ్చేది.

చెక్క, బిగింపుల విషయంలో పెద్ద ఫిర్యాదు లేదు. విడిభాగాలుగా వచ్చింది, ఒక్కో స్టూలు బిగించడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఇక్కడ చలికాలంలో హీటరు రాత్రింబగళ్లు నడుస్తుంది, ఇంట్లో గాలి ఎండిపోతుంది, చెక్క వెంట్రుకవాసి ముడుచుకుంటుంది, బోల్టులు వదులవుతాయి. మొదటి జనవరిలో మూడు స్టూళ్లూ ఊగడం మొదలుపెట్టాయి. బోల్టులన్నీ సగం వదులు చేసి, స్టూలును చదునైన నేల మీద నిలబెట్టి, మనిషిని కూర్చోబెట్టి, అప్పుడు ఎదురెదురు బోల్టులను కొంచెం కొంచెంగా బిగిస్తే నాలుగు కాళ్లూ సమంగా నేలకు ఆనుతాయి. ఒక్కో బోల్టును ఒకేసారి చివరి దాకా బిగిస్తే ఒక కాలు ఎప్పటికీ గాలిలోనే ఉంటుంది. కాళ్ల కింద అంటించే ఫెల్ట్ బిళ్లలు ఆరు నెలలకోసారి మార్చాలి.

నడక నేర్చుకునే వయసు పిల్లలున్న ఇంట్లో ఈ స్టూళ్లను నేను సిఫారసు చేయను. బరువు తక్కువ, పిల్లవాడు కమ్మీ మీద నిలబడి వీపు పట్టుకుని వెనక్కి వాలితే స్టూలు మీద పడుతుంది. మా బాబుకు తొమ్మిదేళ్లు కాబట్టి మాకు ఆ బెంగ లేదు. గిర్రున తిరిగే రకం మా స్నేహితుల ఇంట్లో చూశాను. ఎక్కి దిగడం తేలికే, కానీ తిరిగినప్పుడల్లా వీపు అంచు గట్టు రాతికి కొట్టుకుని గుడ్డ చిరిగిపోయింది.

ఏడడుగుల గట్టుకు మూడు స్టూళ్లే సరైన లెక్క. ఒక్కొక్కటి 21 అంగుళాల వెడల్పు, మనిషికి కనీసం 24 అంగుళాల చోటు కావాలి, నాలుగోది ఇరికిస్తే మోచేతులు తగులుతాయి. మూడో స్టూలుకు, అంటే తువ్వాలు కట్టు ఉన్నదానికి, ఇంకా పాత మీగడ రంగు గుడ్డే ఉంది. వచ్చే వేసవికి అమ్మ వస్తానంది. ఆ లోపల దానికీ గుడ్డ మార్పించి, కమ్మీని అంగుళంన్నర పైకి జరిపి కొత్త రంధ్రాలు వేయడానికి కుదురుతుందేమో చూసి చెప్పమని ఆ పనివాడినే అడిగాను.